రోజూ కడిగిన స్పాంజి

నోయిడా ఫ్లాట్‌లో కొత్తగా చేపల తొట్టి పెట్టిన వారానికే నాలుగు చేపలూ పైకి తేలాయి. చావలేదు. నీటి అంచున మూతులు పెట్టి, చప్పుడు లేకుండా నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఐసీయూలో ఇరవయ్యేళ్లుగా నర్సు పని చేస్తున్నదాన్ని, ఆ ఊపిరి నాకు తెలుసు.

నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి, వాసన కూడా లేదు. గాజు గొట్టంలో కొన్ని నీళ్లు పట్టి పరీక్ష మందు చుక్కలు వేస్తే ముదురాకుపచ్చకు తిరిగాయి. అమ్మోనియా బాగా ఎక్కువగా ఉందని అర్థం. తొట్టిలో ఎవరు చెయ్యి పెట్టారని మా ఆయన మీద అరిచి, చేపలమ్మిన అతనికి ఫోన్ చేశాను.

"దీదీ, ఫిల్టర్‌లో స్పాంజి కడిగారా?" అన్నాడు.

"రోజూ. మరిగే నీళ్లతో," గర్వంగానే చెప్పాను.

"చేపల మలంలోంచి వచ్చే అమ్మోనియాను తినే క్రిములు ఆ స్పాంజిలోనే పెరగాలి దీదీ. మీరు రోజూ చంపేస్తున్నారు. ఇక కడగొద్దు. నీళ్లు కొంచెం కొంచెం మారుస్తూ ఉండండి."

స్పాంజి జిగటగా మారేదాకా దాని జోలికి వెళ్లకుండా ఉండటం డ్యూటీకన్నా కష్టమైంది. నెల దాటాక చేపలు కిందికి దిగాయి.

ఇప్పుడు మా ఆయన తొట్టి దగ్గరికెళితే అవి కిందే తిరుగుతాయి. నేను ఆసుపత్రి సబ్బు వాసన చేతులతో వెళితే నాలుగూ పైకొచ్చి అప్పటిలాగే నోళ్లు తెరిచి మూస్తాయి. మేత వేస్తే ముట్టవు.