సంచిలో ఒక పాత రూటర్, సంగారెడ్డి నుంచి కొండాపూర్ దాకా

సంగారెడ్డిలో మాది చిన్న ఇంటర్నెట్ వ్యాపారం, ఆరు వందల కనెక్షన్లు. స్తంభాలెక్కి కేబుల్ లాగేది మా ఆయన యాదగిరి, ఆఫీసు చూసుకునేది నేను. నెట్‌లోకి వెళ్లే ప్రతి ఇంటికీ ఒక అడ్రస్ కావాలి. పాత రకం అడ్రసులు దొరక్క మా ఇళ్లన్నీ నాలుగింటినే పంచుకుంటున్నాయి. ఒకరు ఏదైనా సైటులో వెధవ పని చేస్తే, అదే అడ్రస్ వాడే నూటయాభై ఇళ్లనూ ఆ సైటు రానివ్వదు. పోయిన నెల పిల్లల పరీక్ష హాల్‌టికెట్లు డౌన్‌లోడ్ కాక తల్లులు మా ఆఫీసు ముందు నిలబడి నన్ను కడిగేశారు. దీనికి మందు ఇంటికొకటి దొరికే ఐపీవీ సిక్స్ అనే కొత్త అడ్రసులు. మాకు నెట్ ఇచ్చే పై కంపెనీ వాటిని మా ఆఫీసు మెషిన్ దాకా తెచ్చి పెట్టింది. అక్కడి నుంచి ఒక్క ఇంటికీ చేరలేదు. ఇళ్లలో రూటర్లన్నీ మార్చాల్సిందేనని, ఒక్కోటి పన్నెండు వందలని డీలర్ చెప్పాడు. అంటే ఏడు లక్షల పైమాట, మా దగ్గర అంత లేదు. సరిగ్గా అప్పుడే ఒక పెద్ద సంస్థ మా లైన్లు కొంటామని కబురు పెట్టి, సోమవారం కల్లా జవాబు చెప్పమంది. సరేనంటే మా ఆయన తన చేత్తో వేసిన లైన్లకే జీతగాడవుతాడు.

ఆ జవాబు చెప్పేలోగా, ఈ మార్పు చేసి చూసిన మనిషిని కలవాలనుకున్నాను. మా ఆపరేటర్ల వాట్సాప్ గ్రూపులో పరిచయమైన శ్రీనివాసరావు గారు కొండాపూర్, నల్లగండ్ల అపార్ట్‌మెంట్లకు నెట్ ఇస్తారు. ఆయన రెండేళ్ల కిందటే మారారు. ఒక కస్టమర్ ఇంట్లోంచి విప్పి తెచ్చిన రూటర్‌ను సంచిలో వేసుకుని శనివారం ఉదయం ఏడున్నరకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ఆడవాళ్లకు జీరో టికెట్, ఆధార్ చూపిస్తే చాలు. పటాన్‌చెరు దగ్గర బండ్లు ఆగిపోయి లింగంపల్లి చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడి నుంచి కొండాపూర్‌కు ఆటో నూట యాభై.

"గా డబ్బా ఏందక్కా? మా ఇంట్ల గిట్లాంటిదే ఉంది. జర వాన పడితే బంద్ అయితది" అన్నాడు డ్రైవర్, సంచిలోంచి కనపడుతున్న రూటర్ చూసి.

"మీ ఇంటికొచ్చే నెట్ మాది కాదులే అన్నా, మేం ఇచ్చేది సంగారెడ్డిలో" అన్నాను.

"అందరు గట్లనే అంటరు" అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

శ్రీనివాసరావు గారి ఆఫీసు ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో రెండు గదులు. కృష్ణా జిల్లా మనిషి, మాట నెమ్మది. నా రూటర్ తిప్పి చూసి, "ఇది మారుస్తానంటారేంటండి? మా ఇళ్లలో సగం ఇవే" అన్నారు. తన లైన్‌కు తగిలించి సెట్టింగులు తెరిచారు. ఐపీవీ సిక్స్ అన్న చోట టిక్ లేదు. "కంపెనీ నుంచి టిక్‌తోనే వస్తుందండి. ఎవరో తీసేశారు."

ఆ ఎవరో నేనే. ఆరేళ్ల కిందట, పై కంపెనీ ఇంకా కొత్త అడ్రసులు ఇవ్వని రోజుల్లో, ఈ టిక్ ఉంటే పేజీలు నత్తనడక నడిచేవి. అందుకని లైన్‌మన్లకు ఒక కాగితం టైపు చేసి ఇచ్చాను: కొత్త కనెక్షన్ పెట్టగానే ఐపీవీ సిక్స్ టిక్ తీసేయాలి. ఇప్పటికీ ప్రతి ఇంట్లో అదే చేస్తున్నారు. సిగ్గుపడుతూనే ఆయనకు ఆ సంగతి చెప్పాను.

"నేనూ అదే చేశానండి. రెండు వందల రూటర్లు కొన్నాక తెలిసింది" అన్నారాయన. టిక్ పెట్టారు. నిమిషంలో, దాని వైఫైకి కలిపిన నా ఫోన్‌కు కొత్త అడ్రస్ వచ్చింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఖర్చు అసలే లేదని కాదు. మరీ పాత రూటర్లు, మా లెక్కన ఓ నలభై, మార్చక తప్పదు. ఎవరు ఏ అడ్రస్ వాడారో రాసిపెట్టే సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ కొనాలి. పాత అడ్రసులూ పక్కనే నడవాలి, ఎందుకంటే అన్ని సైట్లూ ఇంకా మారలేదు. "ఒక్క వీధితో మొదలుపెట్టండి, ఫైర్‌వాల్ మాత్రం ఆపకండి, అది లేకపోతే బయటివాళ్లు ఇళ్లలోని మెషిన్లలోకి చొరబడతారు" అని ఆయన పదే పదే చెప్పారు. అయినా ఇవన్నీ మా చేతికందే ఖర్చులే.

బయటికి రాగానే మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "నిజంగనా? ఇగ సోమారం దాక ఎందుకు, ఇప్పుడే వద్దని చెప్పెయ్" అన్నాడు. అక్కడే రోడ్డు పక్కన నిలబడి ఆ పెద్ద సంస్థకు ఫోన్ చేసి చెప్పేశాను. అప్పుడుగానీ ఆకలి తెలియలేదు. కొత్తగూడ మెస్‌లో నూట ఇరవైకి భోజనం, రెండుసార్లు పప్పు అడిగి వేయించుకున్నాను.

తిరుగు బస్సులో నా మీద నాకు కోపం వచ్చింది, పోయింది కూడా. ఆ కాగితం రాసిన రోజు నేను తప్పు రాయలేదు. తర్వాత ఆరేళ్లలో ఒక్కసారైనా తీసి చదవకపోవడమే తప్పు. ఆ నిర్లక్ష్యానికి మా బతుకుతెరువు అమ్ముకునేవాళ్లం. మీరూ ఇలాంటి పని మీద ఎవరి దగ్గరికైనా బయలుదేరితే, షాపులోంచి సీలు విప్పని రూటర్ పట్టుకెళ్లకండి. కస్టమర్ ఇంట్లో నడుస్తున్నదాన్నే విప్పి తీసుకెళ్లండి. కొత్తదాంట్లో మీ తప్పు కనపడదు.