బోర్లించిన బిందె బొమ్మ

మా చిన్నప్పుడు... ఒక ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, సుబ్బులు పిన్ని పంచాయతీ ఆఫీసు తెల్లగోడ మీద జేగురుతో ఇంత పెద్ద బిందె గీసింది. మూతి కిందికి పెట్టి బోర్లించిన బిందె...

పిన్నంటే మా పక్కింటావిడే. అరుగుల మీద ఆమె ముగ్గేస్తే దాటడానికి మనసొప్పేది కాదు. నడికుడి అవతల రాళ్ళ క్వారీల పక్కన ఉండేది మా పేట. ఎనభైల్లో మాకు బోరు లేదు, కుళాయి లేదు. ఆడవాళ్ళంతా మైలున్నర నడిచి చేలో బావికి పోయేవాళ్ళు. బోరు వేయించమని రెండేళ్ళు అర్జీలు పెట్టారు... ఎవరూ పలకలేదు.

సాయంత్రానికల్లా బొమ్మ మీద సున్నం కొట్టించారు. మర్నాడు పిన్ని మళ్ళీ గీసింది. ఈసారి ప్రెసిడెంటే వచ్చాడు. పిన్ని మొగుడూ, మా పేట మగవాళ్ళంతా రాళ్ళు కొట్టే క్వారీ ఆయనదే. నీళ్ళు మోసుకొస్తున్న ఆడవాళ్ళను గోడ దగ్గర ఆపాడు.

"ఎవురే ఇది గీసింది?"

పేరు బయటపడితే ఆ ఇంట్లో పొయ్యి వెలగదని అందరికీ తెలుసు. పిన్ని నోరు తెరిచేలోపే మా అమ్మ ముందుకొచ్చింది.

"నేనే."

వెనకావిడ కూడా తానేనంది. ఆ వెనకావిడా అదే మాట... ఎవరి మొగుణ్ణి పనిలోంచి తీసేయాలో తెలియక ఆయన వెళ్ళిపోయాడు.

ఆ రోజే తలా ఒక బిందె గీశారు. నేనూ గీశాను, వంకరటింకరగా... గోడంతా బోర్లించిన బిందెలే! వారం తిరక్కుండా, గోడ సంగతి చెవినబడి పై ఆఫీసరు జీపులో వచ్చి ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాడు. వేసవి అయ్యేలోపు బోరు పడింది. మొదట బురద, తర్వాత తెల్లటి నీళ్ళు... పిల్లలమంతా తడిసి ముద్దయ్యాం. అమ్మ ఏడుస్తూ నవ్వడం అప్పుడే చూశాను.

మొన్న ఊరెళ్ళాను. గోడ మీద బిందెలు ఉన్నాయి... కానీ ఆయిల్ పెయింటుతో, అన్నీ నిలబెట్టి, మామిడాకులు పెట్టి, కలశాల్లాగా. కొత్త జంటలు అక్కడ ఫొటోలు దిగుతున్నారు. శుభమట! మన పోరాటాన్ని చెరిపేశారని పిన్ని దగ్గర కోప్పడ్డాను.

ముసలితనంలోనూ అదే నవ్వు ఆమెది.

"నీళ్ళొచ్చినాక బిందె బోర్లించి ఎందుకు పెడతారే? మనం గెలిచామే పిచ్చిదానా."

నా కోపం అక్కడే కరిగిపోయింది. అయినా... ఆ పెళ్ళికూతుళ్ళలో ఒక్కరైనా ఈ బొమ్మలు ఎందుకున్నాయని అడిగితే బాగుండుననిపించింది.

మీ ఊరి గోడల మీద ఒకప్పుడు కోపంతో గీసిన బొమ్మలు ఇప్పుడెలా ఉన్నాయి? గుర్తున్నవాళ్ళు రాయండి... చదవాలనుంది.