అవ్వ పాతిపెట్టిన ద్రాక్షసారా

ఆసిఫాబాద్ ఎండకు రాయైనా పులిసిపోతుందని మా మేనమామ నమ్మకం. హైదరాబాదులో దొరల బంగళాలో వంటచేసి, సీమ వైన్లన్నీ రుచి చూసిన మనిషి. పెరటి నల్లద్రాక్షతో అవ్వ, అంటే మా అమ్మ, సారా చేసి, జాడీని ఏళ్ల తరబడి నేలలో పాతిపెట్టింది. అక్క పెళ్లినాడు దాన్ని తవ్వి తీస్తుంటే ఆయన నవ్వాడు.

"పులిసి సిర్కా అయి ఉంటది చెల్లె, చింతపండుకు బదులు కూరల పోస్కో."

అవ్వ జాడీ మూత తీసింది. ముందు ఆయన గ్లాసులోనే పోసింది. నేరేడుపండు రంగు. ఒక్క గుక్క వేశాడో లేదో వగరు నాలుకను పట్టేసింది, వేడి చెవులకెక్కింది. మీసాలు వాటంతటవే పైకి లేచాయి, నా కళ్లతో చూశాను.

"గిది ఏ దేశంది చెల్లె?"

"మన పెరట్లదే."

"జర ఇంకింత పొయ్యి."

"చాలన్నా. జాడీల మిగిలిన కడమది ఇంకా ముదరాలె. నీ మనుమని పెండ్లికి పోస్త," అంటూ అవ్వ మూత బిగించింది.