పోశన్న పసుపునీళ్లు

మా కాలేజీ జంతుశాస్త్రం ల్యాబుకు కప్పలు తెచ్చేది పోశన్న. బోధన్ చెరుకు తోటల్లో పెరిగిన మనిషి, కాలువ గట్టున చెయ్యి పెట్టాడంటే కప్ప దొరకాల్సిందే. ముప్పై ఏళ్లుగా అదే పని. అయినా కప్పను కోసే వేళకు ఏదో ఒక వంకతో బయటికి జారుకునేవాడు. ఇదేం సోకు అని మొదట్లో విసుక్కునేదాన్ని.

నా పరిశోధన కప్ప కాలేయం మీద. చేలలో కొట్టే పురుగుమందు ఆ కణాల్లోని మైటోకాండ్రియాను ఏం చేస్తుందో చూడాలి. అందుకని సగం కప్పలకు మందు కలిపిన నీళ్లు, సగానికి ఉత్త నీళ్లు. కాలేయం ముక్కలు హైదరాబాద్ పంపితే, అక్కడ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఫోటోలు తీసి పంపారు. ఉత్త నీళ్ల కప్పల్లో మైటోకాండ్రియా పొందికగా, లోపల సన్నటి మడతలతో కనిపించాలి. తీరా చూస్తే ఉబ్బిపోయి, మడతలు చెదిరి ఉన్నాయి. మూడేళ్ల కష్టం ఆ ఫోటోల మీదే ఉంది. వారం రోజులు అన్నం సహించలేదు.

ఒకరోజు పోశన్న టీ తెచ్చి, ఫోటోల మీదికి వంగాడు.

"గివేంది సుమన బిడ్డా?"

"నీ కప్పల కాలేయమే పోశన్నా. ఉత్త నీళ్లల్ల ఉన్నయి గూడ గిట్లెందుకైనయో సమజైతలేదు."

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఉత్త నీళ్లు కాదు బిడ్డా. తొట్టి నీళ్లు మార్చినప్పుడల్ల పసుపునీళ్లు పోసిన. అన్నిటికి."

నోటికొచ్చినట్టు తిట్టాను. పసుపు వల్ల ఉబ్బాయో, ముక్కలు తీయడంలో నా పొరపాటు వల్ల ఉబ్బాయో ఇక తేల్చలేను. ఆ ఫోటోలు ఎందుకూ పనికిరావు.

పోశన్న తల ఎత్తలేదు. "సిన్నప్పుడు వానలు పడకుంటె కప్పను రోకలికి గట్టుకొని ఇల్లిల్లు తిరిగినోన్ని. కప్పతల్లి అని అందరు పసుపునీళ్లు పోసేటోళ్లు. గసొంటిదాన్ని తెచ్చి కోతకిస్తున్న. మొక్కకుంట ఎట్లియ్యాలె? తప్పు నాదేనని మీ గైడు సార్‌తోని చెప్పు బిడ్డా."

మాది ధర్పల్లి. ఎనిమిదేళ్లప్పుడు ఆ రోకలి ఒక కొసను నేనూ మోశాను. ఇప్పటికి నలభై కప్పల్ని కోశాను, ఒక్కసారి కూడా అది గుర్తుకు రాలేదు. నా మీద నాకే సిగ్గేసింది.

పోశన్న పేరెత్తకుండా, తొట్టి నీళ్లలో తేడా వచ్చిందని, మళ్లీ మొదలుపెడతానని సార్‌కు చెప్పాను. పోశన్న కొత్త కప్పల్ని తెచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. తొట్టిలో పోసే ఉత్త నీళ్లనే నేను చెంబుతో ముంచి, ఒక్కొక్క కప్ప మీదా పోశాను.

"పసుపు లేకుంటె మొక్కు అందుతదా పోశన్నా?"

"అందుతది బిడ్డా."

మళ్లీ కోసే రోజు వచ్చింది. నేను కత్తెర తీసుకున్నాను. పోశన్న బయటికి వెళ్లలేదు.