గిన్నె అంచు కింద దొరికిన పేరు

2022 జూలై. బందరులో నాది శిలాఫలకాలు చెక్కే దుకాణం. తెలుగులో 'రాయి' అంటే బండ, 'రాయి' అంటే రాయమని ఆజ్ఞ కూడా. ముప్ఫై ఏళ్ళుగా ఈ రెండింటి మధ్యే నలుగుతున్నాను. ఎక్కువగా చెక్కింది ప్రారంభోత్సవాల రాళ్ళే. వాటి మీద పని చేసినవాళ్ళ పేర్లుండవు, రిబ్బను కత్తిరించినవాళ్ళవి ఉంటాయి.

అందుకే దివిసీమ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు తెచ్చిన పని నాకు నచ్చింది. స్వాతంత్ర్యోద్యమంలో వాళ్ళ ఊరి ఆడవాళ్ళు అయిదుగురు సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు వండారట. వండిన దిబ్బ దగ్గర ఆగస్టు పదిహేనుకి వాళ్ళ పేర్లతో రాయి నిలపాలి. జాబితాలో నాలుగు పేర్లు సరిగానే ఉన్నాయి. అయిదోది మాత్రం 'కోటయ్య గారి భార్య'. ఊళ్ళో ఎవరికీ అంతకుమించి తెలియదు.

మా పనిలో ప్రూఫ్ అంటే రాయి మీదకి వెళ్ళేముందు కాగితం మీద చూపించే నమూనా. తర్వాత సాండ్ బ్లాస్టింగ్. గ్రానైట్ మీద రబ్బరు స్టెన్సిల్ అంటించి, గాలి ఒత్తిడితో ఇసుక కొడతాం. అక్షరం పడ్డాక చెరిపే రబ్బరు మాత్రం లేదు. కోటయ్యగారి కూతురు గుడివాడలో ఉన్నారని, ప్రూఫ్ ఆవిడకి చూపించమని మాస్టారు చెప్పారు.

ఆ కూతురు రాజ్యంగారు. వయసు తొంభైకి దగ్గర. కళ్ళజోడు సర్దుకుని అయిదో వరస చదివారు.

"ఇది మా నాన్న పేరు కదా బాబూ. ఆవేళ ఆయన జ్వరమని దుప్పటి ముసుగేశాడని మా మేనత్త చెప్పేది."

అమ్మగారి పేరేమిటని అడిగాను.

"నా ఏడో ఏట పోయింది. అందరూ వదినా, పిన్నీ అనే పిలిచేవారు. నాకు అమ్మ. పేరు అడగాలని తోచలేదు నాయనా. తోచేసరికి చెప్పేవాళ్ళు పోయారు. నేను పోయేలోగా ఒక్కసారైనా అమ్మ పేరు అనుకోవాలని ఉంది."

నేను ఈ వృత్తి మొదలుపెట్టింది పాత్రల కొట్లో, పెళ్ళిసామాను మీద ఉలితో చుక్కలు కొట్టి పేర్లు వేసే పనితో. ఒక మంగమ్మగారి బిందె మీద 'మ'కి తోక మరిచిపోయి 'వంగమ్మ' అని వేశాను. ఆవిడ ఆ బిందెతో నీళ్ళకెళ్ళినప్పుడల్లా నన్ను తలుచుకునేవారట, మంచిగా కాదు. ఆ జ్ఞాపకంతోనే అడిగాను.

"మామ్మగారూ, అమ్మగారి పుట్టింటి సామాను ఏదైనా ఉందాండీ?"

ఉప్పు వండిన గిన్నె ఉందన్నారు. కోడలు అటక మీంచి దింపారు. బొగ్గులా ఉంది. చింతపండు, ఉప్పు వేసి అరగంట తోమితే అంచు కింద చుక్కలు బయటపడ్డాయి. సీ, తా, రా. తర్వాతి అక్షరం దగ్గర నా పాత శత్రువు ఎదురైంది. 'మ'నా, 'వ'నా? సీతారామమ్మా, సీతారావమ్మా? గోటితో తడిమి చూశాను. తోక లేదు. పక్కనున్న 'మ్మ'కి మాత్రం ఉంది. మరిచిపోయి వదిలిందైతే కాదు.

"సీతారావమ్మ" అన్నాను.

ఆవిడ మెల్లగా రెండుసార్లు అనుకున్నారు. "ఇంత పేరు పెట్టుకుని మసి కింద దాక్కుందా మా అమ్మ" అని గిన్నెని ఒళ్ళోకి తీసుకున్నారు.

కొత్త ప్రూఫ్‌లో కోటయ్యగారు లేరు. ఆగస్టు పదిహేనున రాజ్యంగారు గుడివాడ నుంచి దిబ్బ దగ్గరికి వచ్చి, రాయి మీద అయిదో వరసలో వేలు పెట్టి నెమ్మదిగా జరుపుతూ, ఒకచోట ఆగి నా వైపు చూశారు.

"తోక పెట్టలేదు కదా?"

"లేదండీ."

అప్పటినుంచి 'ఫలానావారి భార్య' అని ఎవరు రాసుకొచ్చినా, ఆవిడ పేరు చెప్పేదాకా ప్రూఫ్ తియ్యను. ఆ గిన్నె మీద చుక్కలు కొట్టిందెవరో నాకు తెలియదు, తన పేరు ఎక్కడా వేసుకోలేదు. తోక ఉండాల్సినచోట ఉంచాడు, ఉండకూడనిచోట వదిలేశాడు. ఆ శ్రద్ధ వల్లే ఒక కూతురికి అమ్మ పేరు దక్కింది. వంగమ్మగారిని సృష్టించిన చేతులతోనే ఆయనకి దణ్ణం పెడుతున్నాను.