ఎడమ ట్యాంకు

కారం డబ్బా మూత తీస్తే ఇప్పటికీ ముందు తుమ్ము వస్తుంది, ఆ వెనకే కోపం వస్తుంది. ప్రత్తిపాడు నుంచి కెప్టెన్ సుబ్బారావు గారి భార్య ఏటా పంపే కారం ఇది. ఆయన పోయాక కూడా ఆవిడ మానలేదు. నేను కో-పైలట్‌గా చేరిన కొత్తలో ఆయన పక్కన కూర్చునే పని నేర్చుకున్నాను. ఇడ్లీల మీద ఇదే కారం చల్లి తెచ్చుకునేవారు. "తినమ్మాయ్. సింగరాయకొండ పిల్లవి, దీనికే కళ్లనీళ్లు పెట్టుకుంటే ఎట్లా?" అనేవారు.

ఆ రోజు మబ్బుల పైన నిశ్చింతగా పోతున్నాం. ఉన్నట్టుండి చూస్తే ఎడమ రెక్కలోని ట్యాంకులో ఇంధనం కుడిదానికన్నా వేగంగా తగ్గిపోతోంది. రెండూ సమానం చేద్దామని, వాటిని కలిపే మీట మీదికి నా చెయ్యి పోయింది. ఆయన తల కూడా తిప్పకుండానే, "ఆగమ్మాయ్. ఒక చెరువుకి గండి పడిందేమో చూసుకోకుండా రెండోదాని తూము ఎత్తుతామా?" అన్నారు. ఎయిర్‌హోస్టెస్‌ని కిటికీలోంచి చూసి రమ్మన్నారు. ఆ పిల్ల మొహం పాలిపోయి వచ్చింది. "ఎడమ ఇంజిను వెనకాల తెల్లగా చార పోతోంది సార్" అంది. నేను ఆ మీట తిప్పి ఉంటే కుడి ట్యాంకులోదీ ఆ చారలోనే కలిసేది. ఆయన ఎడమ ఇంజిను ఆపేశారు, చార ఆగిపోయింది. మిగిలిన ఒక్క ఇంజినుతో దగ్గర్లోని విమానాశ్రయంలో దింపారు.

ఇంతటితో అయిపోతే ఆయనకి దండలే పడేవి. దిగేటప్పుడు ఒక పెద్దమనిషి తలుపు దగ్గర నిలదీశాడు. "ముహూర్తం దాటిపోయిందండీ. అసలేమైందో చెప్పండి" అన్నాడు. సుబ్బారావు గారు ఉన్నదున్నట్టు చెప్పారు. "ఇంధనం లీకైందండీ. నిన్న ఆ ఇంజిను దగ్గర తడి చూసి మెకానిక్కులకి చెప్పాను, బాగు చేశామన్నారు. చెయ్యలేదు." వెనక ఎవరో ఫోనులో తీశారు, సాయంత్రానికి ఊరంతా చూసింది.

కంపెనీవాళ్లకి ఒళ్లు మండింది. విచారణలో నేనూ ఉన్నాను. "సాంకేతిక కారణం అంటే సరిపోయేది కదండీ" అన్నాడు మేనేజరు. "పైపు కారుతుంటే కారుతోందనే అంటాం కదండీ" అన్నారాయన. ఆయన తప్పేమీ లేదని నేను చెప్పాను, ఎవరూ తలెత్తి చూడలేదు. ఆయన్ని మళ్లీ విమానం ఎక్కనివ్వలేదు. ఎగరడం తప్ప ఇంకో కోరిక లేని మనిషి ఊరికి పోయి మిరప వేశారు. నేను చూడ్డానికి వెళ్లిన రోజు కళ్లంలో కాయలు ఆరబోస్తున్నారు. గట్టు మీంచి ఒకాయన, "ఏరా సుబ్బారావూ, విమానం కంటే ఇదే నయమా?" అని కేకేశాడు. ఈయన నవ్వారు. ఇంతలో పైన విమానం చప్పుడైతే చేతిలో కాయలు వదిలేసి, అది వినపడనంత దూరం పోయేదాకా చూస్తూ ఉండిపోయారు. ఆ మొహం చూడలేక నేను కారు దగ్గరికి వచ్చేశాను.

ఇప్పుడు కొత్త పైలట్లకి నేను పాఠం చెబుతున్నాను. వింత చూడండి, ఇంధనం కారితే ఏం చెయ్యాలో నేర్పడానికి కంపెనీ ఆ ప్రయాణాన్నే తెర మీద చూపిస్తుంది. పేరు మాత్రం ఉండదు, 'అనుభవజ్ఞుడైన ఒక కెప్టెన్' అని ఉంటుంది. నేను అక్కడ ఆపుతాను. ఆయన పేరు సుబ్బారావు, ఊరు ప్రత్తిపాడు అని చెబుతాను. ఎవరో ఒకరు అడుగుతారు, "తర్వాత ఆయన్నేం చేశారు మేడమ్?" అని. అదీ చెబుతాను. ఇందుకు నన్ను పిలిచి మందలించారు కూడా. మళ్లీ పిలవనీ. అదంతా చెప్పాకే పాఠం మొదలుపెడతాను.