భేస్తాన్‌లో మెత్తబడిన గోడ

2021 జూన్‌లో నేను సూరత్‌లో ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుని. ఊరి శివారు భేస్తాన్‌లో మరమగ్గాల కార్మికులకు కట్టిన గదుల బాధ్యత నాది. గదుల మధ్య అడ్డుగోడలు ఇటుకవి కావు, పాత ప్లాస్టిక్‌ను కరిగించి పోసిన పలకలు. పారేసిన సరుకు వాడితే హరిత భవన ధ్రువీకరణలో పాయింట్లు వస్తాయి. ఆ పాయింట్లను బట్టే రేటింగు.

కరోనా కాలం కనుక మదింపు చేసే నిపుణుడు రాలేదు. మా అసిస్టెంట్ ఇంజినీరు ఫోన్‌లో వీడియో తీస్తూ గదులన్నీ తిప్పి చూపించాడు. ఆ నిపుణుడు ఇంట్లో కూర్చునే పాయింట్లు వేశాడు. నేనూ ఆఫీసులో ఆ వీడియో చూసే, కాపురాలు దిగొచ్చన్న కాగితం మీద సంతకం పెట్టాను.

కాపురాలు దిగిన పదో రోజున నర్సవ్వ ఫోన్ చేసింది. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేత కార్మికుడి భార్య. "సారూ, జర వచ్చి సూడుండ్రి. గోడ మెత్తగైతుంది. వాసనకు మా అత్తకు దమ్ము ఆడతలేదు" అంది.

వెళ్ళాను. వాళ్ళకు రెండు పూటలా జొన్నరొట్టెలు. పెద్ద పెనం వేడెక్కాలంటే మంట ఎక్కువ కావాలి, చాలాసేపు ఉండాలి. పొయ్యి గోడ వారగా పెట్టుకున్నారు. గోడ ఉబ్బి ముందుకొచ్చింది. కరోనా నుంచి అప్పుడే లేచిన ముసలామె గడప బయట కూర్చుని దగ్గుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

పలకల కంపెనీవాణ్ణి అడిగితే, పొయ్యి గోడకు రెండడుగుల దూరంలో ఉండాలని తమ ఇంగ్లీషు పుస్తకంలో రాసే ఉందన్నాడు. అదే నర్సవ్వకు చెప్పాను.

"రెండడుగులు జరిపితే మేం ఏడ పండాలె సారూ? పొయ్యి మీదనా?" అని నిలదీసింది. ఎనిమిదడుగుల గది.

సైట్ ఆర్డర్ బుక్ తెప్పించాను. అందులో ఇంజినీరు రాసింది కాంట్రాక్టరు చేసి తీరాలి. పొయ్యి వైపు పలకలన్నీ పీకి ఇటుక గోడ కట్టమని రాశాను. మర్నాడే నా పై అధికారి, సూపరింటెండింగ్ ఇంజినీరు ఫోన్. ఇటుక పెడితే రేటింగు దిగుతుందట, అందుకని గోడ పాడవడానికి కారణం కాపురమున్నవాళ్ళ దుర్వినియోగమని రాసి ముగించమన్నారు. రొట్టె కాల్చుకోవడం దుర్వినియోగమా! ఎంత సిగ్గుమాలిన మాట! ఆ ఆదేశమేదో కాగితం మీద ఇవ్వమన్నాను. కాగితం రాలేదు. ఇటుక గోడలు లేచాయి, రేటింగు ఒక మెట్టు దిగింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ ఇంటికైనా, పొయ్యి వెలిగించి ఒక పూట వంట చేయించి, గోడ మీద చెయ్యి పెట్టి చూశాకే సంతకం చేశాను. వీడియోలో వేడి తెలియదు, వాసన రాదు. ఇది తెలియడానికి ఇంజినీరింగు చదవనక్కర్లేదు. నిపుణుణ్ణీ కంపెనీనీ ఎంత తిట్టుకున్నా, ఆ గదులు కాపురానికి పనికొస్తాయన్న కాగితం మీద ఉన్నది నా సంతకమే.